మాటకి ఒక బద్ద

చెల్లి పుట్టబోతోందని నన్ను పలాస పంపేశారు.
తొమ్మిదేళ్ళు నాకు, ముందుపళ్ళు రెండు లేవు,
చేతిలో రేకు పెట్టె, తాళం ఉంది, చెవి లేదు.

కాశీబుగ్గ దాటాక రైలుకట్ట పక్కన ఇల్లు.
వీధరుగు మీద మా అమ్మమ్మ తవిటమ్మ,
పెరటి చావిట్లో ఆవిడ చెల్లెలు అసిరమ్మ.
ఇద్దరూ జీడిపిక్కలు కొడతారు,
ఇద్దరి వేళ్ళూ ఒకేలా నల్లన.
మధ్యలో నలభై అడుగుల నడవా, నేనే కొలిచాను,
పదకొండేళ్ళుగా అందులోంచి ఒక్క మాట నడవలేదు.

వాళ్ళ అన్న దండాసి తాత గేటుమేను.
రైల్వేవాళ్ళు గేటు ఎత్తేశారు,
తాతని ఎత్తెయ్యడం మరిచిపోయారు.
లుంగీ మీద ఖాకీ చొక్కా వేసుకుని
వచ్చే ప్రతి రైలుకీ పచ్చజెండా ఊపుతాడు.
ఎనిమిదింటి పాసింజరు వెళితేగాని చద్దన్నం ముట్టడు.
ఒకనాడది పదకొండున్నరకొచ్చింది,
డ్రైవరు ముత్తాతదాకా తిట్టాడు,
జెండా మాత్రం పచ్చదే ఊపాడు.

వెళ్ళిన పూటే నాకు ఉద్యోగమిచ్చారు.
చిన్న మాట మోస్తే జీడిబద్ద,
తిట్టు కలిసిన మాటైతే గుండు.
మొదటివారం అన్నీ గుండ్లే.

"ఓరి గుంటడా, దానికి సెప్పు,
సారులో ఉప్పు నేదు, దాని బుద్దిలాగే."
"ఎల్లి అడుగు, నాలికుందా, అదీ అరిగిపోనాదా అని."

ఎందుకు చెడిందంటే తవిటమ్మ, స్టీలు కేరేజీ అంది.
అసిరమ్మ, కేరేజీ కాదు, మేకపిల్ల అంది.
తాత బీడీ ఆర్పి,
"ఆల్లకి గురుతు నేదురా.
గురుతుంటే ఎప్పుడో మాటాడుకుందురు" అన్నాడు.

రెండోవారానికి నాకు మొహం మొత్తింది.
నలభై అడుగుల్లో ఇరవయ్యో అడుగుకి
మాట మార్చడం మొదలెట్టాను.
"సారు బాగుందట. కాస్త ఉప్పేస్తే ఇంకా బాగుంటాదట."

అసిరమ్మ సుత్తి ఆగిపోయింది.
"అదా? అలాగందా?
ఒల్లు బాగానేదేటిరా దానికి?"
మిరియాలు నూరి, కషాయం కాచి,
"నానిచ్చినానని సెప్పకు" అని పంపింది.
అది తాగి తవిటమ్మ నా చెవి పట్టుకుంది.
"మందిచ్చిందంటే ఇది మంచికి కాదు,
పోయేముందు మనుసులిలాగే మెత్తబడిపోతారు.
సూసిరా, అన్నం తింటందా?"

మర్యాదకి ఇద్దరూ హడలిపోయారు.
నేనెంత తీపిగా చెబితే
ఒకళ్ళ చావు ఒకళ్ళకి అంత దగ్గరగా కనబడింది.

కరెంటు పోయిన ఒక రాత్రి
అసిరమ్మ చీకట్లో నడవా దాటొచ్చి
అక్క నుదుటి మీద నల్లటి చెయ్యి పెట్టింది.
అక్క పక్కనే పడుకున్నాను, నాకు తెలుసు,
ఆవిడ నిద్రపోలేదు.
కళ్ళు మాత్రం తెరవలేదు.

బూతు కుర్రాడు సైకిలు మీద అరుచుకుంటూ వచ్చాడు,
"ఆడపిల్లంట! ఇద్దరూ బాగున్నారంట!"
అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పరిగెత్తి
సరిగ్గా నా ఇరవయ్యో అడుగు దగ్గర గుద్దుకున్నారు.
మధ్యలో నేను.

"గుంటడా, దానికి సెప్పు," అంది తవిటమ్మ రొప్పుతూ,
"సంటిదానికి నా పేరెట్టొద్దు.
పుట్టినోలు దక్కక, తవుడికి కొన్న పిల్ల పేరది."
చెప్పడానికి నేనింకా తిరగనేలేదు.
"నీ పేరుకేటే? డెబ్బయ్యేళ్ళు గట్టిగా నిలబడింది!
నా పేరే ఒద్దు, అసిరి అంటే బడిలో నవ్వుతారు!"
"ఎవుడు నవ్వేది? పల్లు రాలగొడతాను!"
"ముందు నీ పల్లు సూసుకో!"

ఇద్దరూ నన్ను పక్కకి తోసేశారు.
పదకొండేళ్ళ బాకీ,
సాయంత్రందాకా తీర్చుకుంటూనే ఉన్నారు.
దండాసి తాత గుమ్మంలో నిలబడి
ఏ రైలూ రాకుండానే పచ్చజెండా ఊపాడు.

ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది.
నాలుగు గుండ్లు, మూడు బద్దలు
నాకింకా రావాలి.