అలలేని రోజు

బుధవారాలు ఏనోక్ వంతు.
ఉమ్మన్నాక్ వృద్ధుల ఇంట్లో మూడో గది,
కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో
సగం మడిచి మరిచిపోయిన దుప్పటిలా ఆయన.

భుజాలు దించండి. గడ్డం కాస్త లోపలికి.
పక్కటెముకలు పక్కలకి తెరుచుకోవాలి, అంటాను,
నూక్‌లో చదివొచ్చిన పాఠం అప్పజెబుతూ.
వీపు మీద చెయ్యి పెడతాను.
అరచేతి కింద పాత పడవ చట్రం.
కర్రకీ కర్రకీ మధ్య తోలు సాగదు.

ఎనభై మూడేళ్ళు.
మోకాళ్ళు గట్టివే, చెవులూ గట్టివే,
అయినా గుమ్మం దాకా నడిస్తే తూలతారు.
పడతానని ఊపిరి బిగబడుతున్నారు,
బిగబట్టినందుకే పడుతున్నారు, అన్నాను.
ఏనోక్ నవ్వారు.
ఆ నవ్వులో నాలుగు పళ్ళు, బోలెడంత గాలి.

"ఇది నాకు సముద్రం ఎప్పుడో చెప్పింది, తుకుమ్మెక్.

నాకప్పుడు పంతొమ్మిది. ఆగస్టు నెల.
సీల్ కోసం ఒక్కణ్ణే వెళ్ళాను. గాలి పడిపోయింది.
పైన ఆకాశం, కింద ఆకాశం,
మధ్యలో గీత ఎవరో తుడిచేశారు.
తుఫానుకి బెదరనివాణ్ణి
అలలేని నీళ్ళకి బెదిరాను.
ముందు నడుం కింద చలి. తర్వాత
పడవ ముక్కు సాగుతోంది, సన్నబడుతోంది,
సూది అయిపోతోంది.
తెడ్డు ఎత్తితే బోల్తా పడతాననిపించింది.
తల తిప్పినా. రెప్ప వేసినా.
పీల్చిన గాలి బరువుకే ఒరిగిపోతానని
పీల్చడం మానేశాను.
సిలా పోయింది నాకు."

మా భాషలో సిలా అంటే బయటి వాతావరణం.
లోపలి మతి కూడా.
ఆయన ఏది పోయిందన్నారో నేను అడగలేదు.

"అలా కూర్చునే పోయినవాళ్ళున్నారు.
పడవ దొరికేది, మనిషి దొరికేవాడు కాదు.
నా అదృష్టం, మేనత్త కొడుకు గాబా అటు వచ్చాడు.
ఏమైందని అడగలేదు, ధైర్యం చెప్పలేదు.
తన పడవని నా పడవకి ఆనించాడు,
రెండింటి మీదా తెడ్డు అడ్డంగా వేశాడు,
కొండెక్కి ఆగిన బండికుక్కలా
హా అని ఊపిరి వదిలాడు.
పీల్చడం కాదమ్మా, వదలడం.
వాడు వదులుతూనే ఉన్నాడు.
చివరికి నా ఊపిరికే సిగ్గేసి బయటికొచ్చింది.
పొట్ట కదిలింది. పొట్టతో పాటు పడవ.
పడవ చుట్టూ నీళ్ళలో చిన్న ముడత.
ఆ ముడతని చూశాక తెలిసింది
ఏది నీళ్ళో, ఏది ఆకాశమో."

నేను గడియారం చూశాను. ఇంకా పది నిమిషాలు.
ఆయన నన్ను చూస్తున్నారు.
"మరి నువ్వు ఎప్పట్నుంచి బిగబట్టావు?"

మార్చి నుంచి.
మార్చిలో తమ్ముడి బండి కింద మంచు విరిగింది.
ఏడు కుక్కలు తిరిగొచ్చాయి.
చర్చిలో అందరూ మెచ్చుకున్నారు,
తుకుమ్మెక్ ఎంత నిటారుగా నిలబడిందో అని.
నిజమే. గడ్డం లోపలికి. భుజాలు కిందికి.
పాఠంలో ఒక్క తప్పు లేదు.
అప్పట్నుంచీ మెట్లు దిగేటప్పుడు
గోడ పట్టుకుంటున్నానని ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా ఆయనకీ చెప్పలేదు.
మార్చి అన్నాను, అంతే.

ఏనోక్ తన చేతికర్ర తీసి
ఆయన మోకాళ్ళ నుంచి నా మోకాళ్ళ మీదికి
అడ్డంగా పెట్టారు.
హా, అన్నారు.
పొగాకు వాసన, ఎండుచేప వాసన.
మళ్ళీ హా.
నాలుగోసారో ఐదోసారో
నా వెన్ను దానంతటదే వంగింది.
ముక్కు కారింది. కర్ర వణికింది.
ఎవరి వణుకో కర్రకే తెలియాలి.

కిటికీ బయట అఖాతంలో మంచుకొండ ఒకటి
నెమ్మదిగా పక్కకి దొర్లి
కొత్త వైపుతో నిలబడింది.

వెళ్ళేముందు కాగితం నింపాను.
ఈ రోజు సాధన: ఊపిరి వదలడం.
ఎన్నిసార్లు: లెక్కపెట్టలేదు.
చేసినవారి పేరు, అన్న గడిలో
ఏం రాయాలో తోచక
ఖాళీగా వదిలేశాను.