కత్తి ఖరీదు నలభై

కాశీబుగ్గ జీడి కంపెనీలో
పదకొండేళ్లు కూకున్నాను.
ముందు కటింగు మీద. జీడి సొన
నా వేళ్ల గీతలు తినీసింది.
తర్వాత పీలింగు బల్ల కాడ. అది కళ్లు తినీసింది.
ఆషాఢంలో మానీసినాను.

ఆఖరి కూలి నిలబడిపోయింది.
ఐదొందల ఎనభై రెండు కేజీలు, కేజీకి ఇరవై.
నెక్క నా గోడ మీదుంది,
గుమ్మం పక్కన, బొగ్గు గీతలు.
వాన జల్లు కొట్టిన కాడ రెండ్రోజులు సెరిగిపోనాయి.
అవి వొగ్గీసినాను.

కామేశం బాబు లచ్చింవారం రమ్మన్నాడు.
ఎల్తే, బ్యాంకు సెలవు.
మరో లచ్చింవారం, సరుకు ఇంకా లారీలోనే ఉంది.
ఆ పై లచ్చింవారం ఆయన నేడు,
గుమ్మంలో ఆయన సెప్పులున్నాయి.
జీడిపాకంలాగ సాగదీసినాడు.
పాకం సంగతి నాకు తెల్దేటి బాబూ,
ఎంత సాగినా ఒక కాడ తెగుద్ది.

ఆడబిడ్డ కూతురు మోహిని అర్జీ రాసింది.
"బతిమాలుకుంటున్నాను అని రాయనా అత్తా?"
"వొద్దు. రావాలి అని రాయి."
రాసి, ఆ మాట కింద రెండు గీతలు కొట్టింది.

టెక్కలి లేబరాఫీసు.
మూడు కుర్చీలు, ఒకటి కుంటిది.
నాను దాన్లోనే కూకున్నాను, అలవాటు.
మొదటి పేషీకి ఎవుళూ రానేదు.
రెండోదానికి గుమస్తా సన్యాసిరావు
రిజిస్టరు సంకన పెట్టుకుని వొచ్చినాడు.
అందులో నా పేరు నేదు.
"బల్ల ఏడు" అనుంది.
"బల్ల ఏడంటే ఎవరు?" ఆఫీసరమ్మ అడిగింది.
నా కేరేజీలో ఎండునెత్తళ్ల కూర
ఎన్ని మధ్యాహ్నాలు తిన్నాడో ఆ మనిషి.
నేల మీదికి సూసి
"ఈవిడేనండి" అన్నాడు.

మూడోసారి బాబే వొచ్చినాడు.
నా మీద కాదు, ఎండ మీద కోపంగా ఉన్నాడు.
పండగ అడ్వాన్సు వెయ్యి తగ్గించాలన్నాడు.
నిజమే, తీసుకున్నాను.
విరిగిన పప్పుకి ఆరొందలు అన్నాడు.
"విరిగింది పారబోసినావా బాబూ?
మిఠాయి కొట్టుకి తూసినావు గదా."
ఆఫీసరమ్మ పెన్ను ఆ ఆరొందల మీంచి అడ్డంగా ఎల్లింది.
కత్తికి నలభై.
పీలింగు కత్తి, నా కాడే ఉండిపోయింది.
అదీ నిజమే.

పది వేల ఆరొందలు.
వేలిముద్ర ఎయ్యమన్నారు.
బొటనేలు ఎత్తితే కాయితం మీద నల్ల మచ్చ,
ఒక్క గీతా నేదు.
మళ్లీ ఎయ్యమన్నారు. మళ్లీ మచ్చే.
ఫ్యాను తిరుగుతంది.
కామేశం బాబు కిటికీలోంచి బయటికి సూసినాడు.
ఎడం సేతిది పడింది, సగం.

నోట్లు నున్నటి వేళ్ల మీంచి జారిపోతంటే
సన్యాసిరావు నెక్కెట్టి ఇచ్చినాడు.
నాను ఇంకోసారి నెక్కెట్టుకున్నాను.
ఏమీ అనుకోనేదు.

బస్సు నందిగాం దాటేక కత్తి గుర్తొచ్చింది.
రాత్రి అరుగు రాయి మీద నూరినాను.
పిడి మీద ఏడు అని గీసుంది.
గోకీసేద్దామనుకున్నాను గాని
నలభై ఇచ్చి కొన్నదాన్ని గోకడమెందుకు.
ఆనపకాయ తొక్కు తీస్తే
సన్నగా, ఎక్కడా తెగకుండా,
కాళ్ల కాడికి దిగింది.