నాలుగు లెవాల ఊరు

బాన్‌స్కో. రాత్రి రెండు దాటింది.
గొండోలా స్టేషనుకి ఎదురుగా ఉన్న బారులో
జ్లాటినా గ్లాసులు ఏరుతోంది,
చేతికి ఏడేసి.

లీడ్స్ కుర్రాళ్ళు
స్కీ బూట్లతోనే బల్లలెక్కి గంతులేసి
ఇప్పుడే వెళ్ళారు.
బయట మంచులో వాళ్ళ పాట ఇంకా తూలుతోంది.

బీరుకి తడిసిన బల్ల మీద కాగితం ఒకటి మరిచారు.
ఇష్‌గల్, కొట్టేశారు.
వాల్ తొరాన్స్, రెండుసార్లు కొట్టేశారు.
సాంక్ట్ ఆంటోన్ దగ్గర బీరు ధర,
దాని పక్కన ఓ ఏడుపు మొహం.
అన్నిటికన్నా అడుగున తన ఊరు,
చుట్టూ సున్నా చుట్టి:
'నాలుగు లెవాలు. తెల్లారేదాకా.'

అంతే.
కొండ ఊసు లేదు.
లిఫ్టు తీగల మీద మంచు దులిపే తమ్ముడి ఊసు లేదు.
ఆ నాలుగు లెవాల వెనక
తను నిలబడే తొమ్మిది గంటల ఊసు అసలే లేదు.

కోపం రావాలి గానీ
నవ్వొచ్చింది.
పోయిన వేసవిలో సముద్రం చూడాలని
తనూ ఇలాగే ఊళ్ళ పేర్లు రాసి
ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చింది.
తన కాగితంలో సున్నా చుట్టడానికి
ఏదీ మిగల్లేదు.

నాలుగు మడతలేసి
మూడో నంబరు బల్ల
కుంటికాలి కింద దూర్చింది.

రేపు మళ్ళీ ఎక్కుతారు కదా.