మూడో మర

బొలోన్యాలో నవంబరంటే
వీధి వీధినీ ఎవరో పల్చటి కాగితంలో చుట్టి
విప్పడం మరిచిపోయినట్టుంటుంది.
ఆ పొగమంచులోంచి వచ్చాడు నేవియో,
చంకలో బూట్ల డబ్బా,
డబ్బాలో దూది, దూదిలో
అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బిళ్ల.
రోగిని మోసుకొచ్చినవాడిలా గొంతు తగ్గించి
"బతుకుతుందా?" అన్నాడు.

కొమాక్కియోలో, కాలువ పక్కన,
పాము చేపలు వేయించే బారు వాళ్లది.
మూలనున్న పిన్‌బాల్ యంత్రం డెబ్బై రెండులో కొన్నది.
ఎడమ ఫ్లిప్పర్ పైన, రబ్బరు పట్టీకి గొడుగు పట్టినట్టు
ఈ మూడు మూలల బిళ్ల,
దాని మీద సముద్రంలోకి దూకుతున్న అమ్మాయి.
ఎనభై గ్రాముల ఉక్కు బంతి
యాభై ఏళ్లు ఒకే చోట మొట్టితే
పగలనిదేముంది?
మూడో మూల లేదు.
మణికట్టు దగ్గర ఆగిపోయింది ఆమె చెయ్యి.

యంత్రం చేసిన కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు పరుపుల కొట్టు.
అచ్చులు తుక్కు కింద పోయాయి.
బొమ్మ గీసినవాడు సంతకం కూడా పెట్టలేదు.

చేతిలో ఏముండేది?
దీపం, అన్నాడు నేవియో.
కత్తి, అంది వంటావిడ ఇరీడె, చేపల కత్తి, నాకు తెలీదూ!
రోజూ సాయంత్రం ఆడే లెఆర్కో మాత్రం
"దానికి చెయ్యి ఉండేదా?" అన్నాడు.

గోరంత ముక్క కోసం కొండంత గాలింపు.
యంత్రం పొట్ట విప్పాం.
బూజు, చెల్లని లీరాలు, ఒంటి చెవిపోగు,
ఎవరో గెలిచిన అంకె రాసుకున్న సిగరెట్ అట్ట.
ముక్క లేదు.

సరే. ఉన్నదానితో మొదలుపెట్టాను.
వంకర తిరిగిన బిళ్లను రెండు గాజు పలకల మధ్య
పొయ్యి సెగలో ఒక పూట పడుకోబెట్టాను.
బల్బు వేడికి పసుపు వెలిసి గంజిలా ఉంది.
అసలు పసుపు ఎక్కడ దాక్కుందంటే
మిగిలిన రెండు మరల కింద,
వాషర్ కప్పిన ఉంగరమంత చోట.
ఎంత పసుపని!
గుడ్డు సొన తలవంచుకోవాలి.

ఈ పనంతా తిరగేసి చేసేది.
బొమ్మ బిళ్ల అడుగున అచ్చవుతుంది,
కుడి ఎడమై, చివరిది మొదలై.
కనురెప్ప గీత ముందు, ముఖం తర్వాత,
దాని వెనక సముద్రం,
సముద్రం వెనక తెలుపు.
ముప్పై ఏళ్లు బిస్కెట్ డబ్బాల మీద రంగులద్దినదాన్ని,
ఇప్పటికీ ఆ మొదటి గీత దగ్గర ఊపిరి బిగబడతాను.
దాని మీద ఇంకేది పూసినా
అది దాక్కోదు.

దీపమే గీసేద్దామనుకున్నాను, నేవియో డబ్బిస్తున్నాడు కదా.
ముందు రంధ్రాలు సరిచూద్దామని
రంగులేని బిళ్ల కోసి, కింద పెన్సిలు బొమ్మ అంటించి
కొమాక్కియో వెళ్లాను.
ఒక మర. రెండు.
మూడోది తిప్పుతుండగా ఎవరో కరెంటు పెట్టారు.
లైట్లన్నీ ఒక్కసారి కళ్లు తెరిచాయి.
మర తల, గుండ్రంగా, తెల్లగా,
సరిగ్గా ఆమె వేళ్లు చేరాల్సిన చోట.

ముత్యం.

ఆ పేరులేని మనిషి ఆ కాస్త చోటూ వదిలేశాడు,
కార్ఖానాలో ఎవరో కుర్రాడు
స్క్రూడ్రైవరుతో బొమ్మ పూర్తి చేస్తాడని తెలిసి.
ఎవరికి గుర్తుంటుంది?
అచ్చులో లేనిది కదా అది.
రుజువా, నా దగ్గర లేదు.
ఇరీడె ఇప్పటికీ కత్తే అంటుంది.

పన్నెండు ప్రతులు తీశాను.
తెరిచిన అరచెయ్యి, మధ్యలో రంధ్రం.
పదకొండు సొరుగులో ఉన్నాయి.
పాతది దూదిలోనే ఉంది, పారేయ బుద్ధి కాలేదు.

కొత్తది బిగించిన రోజు లెఆర్కో తొలి బంతి వదిలాడు.
బొమ్మ వంక చూడనైనా చూడలేదు.
బంతి ఎడమ రబ్బరును తాకి, బిళ్ల అంచును మొట్టి,
రెండు ఫ్లిప్పర్ల సందులోంచి జారిపోయింది.
యంత్రాన్ని తిట్టాడు, తర్వాత నన్ను.

గాజు ఎత్తి
మూడో మరను పావు చుట్టు వదులు చేశాను.
మరీ బిగిస్తే
మళ్లీ అక్కడే పగులుతుంది.