మంచు తీసి తూకం

రాత్రి పదకొండున్నర.
కురుపాం మార్కెట్ వెనక మేడమీది గదిలో
ఫ్యాను ఉప్పుగాలిని తిప్పి తిప్పి నామీదకే విసురుతోంది.
రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా
కీబోర్డుకి ఇంకా వంజరం వాసన.

పగలు నేను ఫిషింగ్ హార్బర్‌లో తూకం గుమస్తాని.
రాత్రి, జీతం లేని ఇంకో తూకం:
ఎవరో రాసిన విజ్ఞాన సర్వస్వంలో
'మీకు తెలుసా' అని మొదలయ్యే ఒక్క వాక్యాన్ని
మొదటి పుటకి ఎక్కించవచ్చో లేదో చెప్పాలి.

ఈ రాత్రి వాక్యం ఇది:
"మీకు తెలుసా, నటి తరళవేణి తన మూడో సినిమాలో
డూపు లేకుండా, స్వయంగా,
భీమిలి దగ్గర తుఫాను కెరటాల్లోకి దూకి
ఈదుకుంటూ పడవని అందుకుందని?"

నిడివి సరిపోయింది.
వ్యాకరణం పరవాలేదు.
ఆసక్తి? నాకే ఒళ్లు జలదరించింది.
మూలం? అరవై రెండు నాటి సినిమా వారపత్రిక, పుట పద్దెనిమిది.

ఆదివారం పౌర గ్రంథాలయంలో ఆ బైండు విప్పాను.
పురుగు తొలిచిన కన్నం
సరిగ్గా ఆమె నుదుటి మీద, రెండో బొట్టులా.
అచ్చు మాత్రం చెక్కుచెదరలేదు:
డూపు లేకుండా. స్వయంగా.
నియమం ప్రకారం నా పని అయిపోయింది.
పచ్చ టిక్కు పెట్టడమే.

పెట్టేదాన్నే.
సోమవారం వేకువన మూడో జెట్టీ దగ్గర నోరు జారాను.
మైలపల్లి ఎల్లాజీ తాత చిరిగిన వల కుడుతున్నవాడు
నవ్వడానికి పళ్లమధ్య సూది తీశాడు.

"ఆ ఈదిందాన్ని నానే గదమ్మా!
పద్నాలుగేళ్లు నాకు, మీసం రానేదు.
ఆయమ్మ నీలం సీర నాకు సుట్టీసి, సవరం ఎట్టీసి
దూకరా గుంటడా అన్నారు.
మూడుపాలి దూకించేరు.
పైట ఊడనియ్యనేదు సూడు, ఒక్కపాలీ!"

మరి ఆవిడ?

"ఆయమ్మకి ఈతేటొచ్చు?
మోకాల్లోతు నీల్లకే వొణికీసింది.
గానీ మూడోపాలి నాను తేలకపోతే
ఆల్లందరూ కెమేరా కాడే ఉండిపోనారు.
ఆయమ్మే, పీకదాకా వొచ్చీసి
సవరం పట్టుకు లాగింది.
సవరం ఊడొచ్చీసింది."
తాత నవ్వీ నవ్వీ దగ్గాడు.
"అప్పుడు సెయ్యి పట్టుకుంది."

మూలం ఉందా తాతా, అన్నాను.
అన్నాక సిగ్గేసింది.
"మూలవేటి?"
ఫోటో, కాయితం, ఎవరైనా రాసింది.
లుంగీ పైకి జరిపి మోకాలిమీద మచ్చ చూపించాడు,
నీళ్లకింద రాయి కోసిందట.
"ఇది సాల్దా?"

చాలదు.
మా నియమాల్లో మచ్చకి పుట సంఖ్య ఉండదు.
తాత మాటని నేను ఎక్కిస్తే
అరగంటలో ఎవరో తుడిచేస్తారు.
ఇంకొకరు ఎక్కిస్తే తుడిచేది నేనే.

రొయ్యల బుట్ట కాటా మీదకి రాగానే
ముందు మంచు తియ్యమంటాను.
అమ్మేవాడు తిడతాడు,
నీళ్లు కారి నా చెప్పులు తడుస్తాయి.
మంగళవారం రాత్రి అలాగే తీశాను.
'డూపు లేకుండా' తీశాను.
'స్వయంగా' తీశాను.
'తుఫాను', అది ఉత్త పున్నమి పోటట, అదీ తీశాను.
కాటాలో మిగిలింది:
నటి తరళవేణి మూడో సినిమాలో ఒక సన్నివేశాన్ని
భీమిలి దగ్గర సముద్రంలో తీశారు.

ఇంత చప్పటిదాన్ని ఎవరు ఎక్కించుకుంటారు?
'ఆసక్తి లేదు' అని
ముఖం తెలియని ఇంకో సమీక్షకుడు తెల్లారేలోగా కొట్టేశాడు.
తప్పు పట్టలేను.

"కంపూటర్లో ఉన్నానా మరి?" అడిగాడు తాత పొద్దున్న.
లేవు తాతా. ఇప్పుడు ఆవిడా లేదు.
కాసేపు దారం ముడేశాడు.
"నీలం సీర అని రాసేవా?"
రాయలేదు.
"మంచి నీలం," అని
జెట్టీ అవతలికి వేలెత్తి,
నీళ్లమీద ఆ రంగు కోసం వెతికి,
వేలు దించేశాడు.
"ఇయాల నేదు.
ఉన్నరోజు సూపిత్తాను."