పలక మీద రేపు

పొట్టంగి దాటాక మూడో మలుపులో
నా టీకొట్టు గోడకి ఒక నల్లపలక.
సాయంత్రం ఐదు దాటితే
దాని మీద రేపు రాస్తాను:

దేవమాలి శిఖరం. వేకువకి రెండు డిగ్రీలు.
గాలి ఉత్తరం నుంచి, పల్చగా.
మబ్బు లేదు.
గడ్డి తెల్లబడవచ్చు.

చివర ఆ 'వచ్చు' ఉంది చూశారూ,
డిసెంబరు నెలంతా నేను తినే అన్నం అదే.

విశాఖ నుంచి ఫోన్లు.
"మంచు గ్యారంటీయేనా అండీ?
మనాలి తీసుకెళ్ళే స్తోమత లేదు, పిల్లలు వినట్లేదు."
సాలూరు ఘాటీ కింద లారీ ఆపుకుని
పైడినాయుడు అడిగేది వేరు:
"మలుపులు అగుపడతన్నాయా లేదా,
అదొక్కటీ సెప్పు బావా."
కురిసేదీ, కమ్మేదీ, గడ్డకట్టేదీ
అన్నిటికీ మంచనే ఒక్క మాట పెట్టి ఊరుకున్నారు మనవాళ్ళు,
ఎవరో ఉక్కపోసే ఊళ్ళో కూర్చుని పెట్టుంటారు.

సునాబెడ వదిలి వెళ్ళిపోతూ
ఫ్యాక్టరీ మేస్త్రి ఒకాయన ఇచ్చిన థర్మామీటరు నాది.
ఒక డిగ్రీ అబద్ధమాడుతుంది.
అసలు లెక్క సుక్రి ముదులిది.
పొద్దు వాలాక తన పొయ్యి పొగ వంక చూస్తుంది.
లేచి వెళ్ళిపోతే ఏం లేదు.
లేవలేక, పెంపుడు కుక్కలా
గడప ముందే పడుకుందా,
తెల్లారేసరికి కొండంతా సున్నం కొట్టినట్టే.

నీరు పల్లమెరుగు అంటారు.
చలి కూడా ఎరుగు.
సుక్రి బంగాళాదుంప మడి పల్లంలోనే ఉంది.

పోయినేడు క్రిస్మస్ ముందురోజు
వచ్చీరాని తెలుగులో అడిగింది:
"పొగ పడుకుంది. సంచులియ్యి.
మడికి కప్పుకుంటాను. రేపు తెస్తాను."
యూరియా సంచులు, నలభై దాకా,
కొట్టు వెనక మడతపెట్టి ఉన్నాయి.
లేవన్నాను.
ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

పొగ మాట మాత్రం వాడుకున్నాను.
పలక మీద 'వచ్చు' చెరిపేసి
గడ్డి తెల్లబడుతుంది అని రాశాను,
పెద్దక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి.

తెల్లబడింది.
అరవై కార్లు.
మంకీ క్యాపుల్లోంచి ఆవిర్లు.
సంచికి ఇరవై రూపాయల అద్దె:
కూర్చో, కాళ్ళు ముందుకి చాపు, వదిలెయ్.
మంచు పట్టిన బోదగడ్డి మీద
జర్రున జారిపోతున్నారు పిల్లలు, పిల్లల తండ్రులు,
చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని ఒక బ్యాంకు మేనేజరమ్మ.
"స్విట్జర్లాండే!" అని ఎవరో అరిచారు.
నేనూ నవ్వాను. నిజంగానే బాగుంది ఆ పొద్దు,
ఇప్పుడు కాదనడం ఎందుకు.

తొమ్మిదింటికి ఎండ తగిలి కొండ మళ్ళీ కొండయింది.
సుక్రి వచ్చి బల్ల మీద ఒక ఆకు పెట్టింది.
వేడినీళ్ళలో ముంచి తీసినట్టు నల్లగా, జావగా.
చలి కూడా ఉడకబెడుతుందని
నాకప్పటిదాకా తెలీదు.
ఏమీ అనలేదు. టీ అడిగింది.
వద్దన్నా వినకుండా పది రూపాయల బిళ్ళ పెట్టి వెళ్ళింది.
జారే వాళ్ళు తొక్కిన దారి పక్కనించే వెళ్ళింది.

ఆ బిళ్ళ ఖర్చయిపోయింది. ఏ చిల్లరలో కలిసిందో.

ఈ సాయంత్రం ఐదున్నర.
అవతలి ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి.
ఏ పొగా లేవలేదు.
ఫోను మోగుతోంది, మోగనీ.
సంచులు లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది.
మా వాడి సైకిలుకి కట్టి పల్లంలోకి పంపాను.
తీసుకుంటుందో లేదో,
ఆ సూచన నా దగ్గర లేదు.

సుద్దముక్క అరిగి గోరంత మిగిలింది.
రాస్తున్నాను:

మబ్బు లేదు. గాలి లేదు.
గడ్డి తెల్లబడుతుంది.
సంచులు లేవు.
పైడినాయుడూ, ఘాటీలో పొగమంచు,
హారను కొట్టుకుంటూ రా.