నీలం ఒక చుట్టు

ఆల్కహాల్ సీసాలో పదకొండు కాడిస్ పురుగులు.
కాళ్ళ ముళ్ళు లెక్కపెడుతున్నాను,
ముందు కాలికి ఒకటి, నడిమి కాలికి మూడు.
రెక్కల ఈనె ఎక్కడ చీలిందో
పుస్తకంలో బొమ్మతో సరిచూసుకుంటున్నాను.
జుమ్రా నా భుజం మీదుగా తొంగిచూసి
"ఇది గోధుమకోతలది," అంది.
"ఆ నల్లది ప్లమ్ చెట్లు పూసినప్పుడొస్తుంది."
అంతే, ఆవిడ శాస్త్రం అయిపోయింది.
నాకింకా రెండు గంటల పని.

వంటింటి బల్ల అంచుకి వైస్ బిగించుకుంది,
రొట్టెపిండి పిసికే చోటికి జానెడు దూరంలో.
పిండి అంటిన వేళ్ళతోనే
కుందేలు చెవి బొచ్చు గాలానికి మెలిపెడుతుంది,
కౌజు ఈక ఒక చుట్టు,
దుప్పి వెంట్రుకలు పెంకుటింటి కప్పులా వాల్చి
దారం పళ్ళతో తెంపుతుంది.
కూచున్న కాడిస్ రెక్కలు సరిగ్గా అలాగే వాలుతాయి.
నేనది లాటిన్‌లో చెప్పాను.
ఆవిడ విన్నట్టే తలూపి
పొయ్యి మీద కాఫీ పొంగకుండా చూసుకుంది.

ప్లీవాలో కలిసే పేరులేని పాయ అది.
మోకాళ్ళ లోతు, మే నెలలో కూడా ఎముకలు కొరికే చలి.
కూలిన మర దగ్గర ఒక రాయి తిప్పితే
అడుగున అతుక్కుని ఓ పిల్లపురుగు,
నోటిపట్టుతో ఇసుక రేణువులు అంటించుకుని
అగ్గిపుల్లంత గూడు కట్టుకుంది.
ఇసుక మధ్య ఎర్రగా మూడు పెంకు ముక్కలు.
మూతి దగ్గర ఒకే ఒక్క నీలం,
ఆవగింజ కంటే చిన్నది, నున్నటిది.

తెల్ల సాసర్లో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను.
జుమ్రా కళ్ళజోడు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.
"హాసిబా పళ్ళెం అంచు," అంది.
"ఆరు ఉండేవి. పెళ్ళిళ్ళకి మాకే ఇచ్చేది."
మర మీద పడ్డ షెల్లు గురించి
నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.
పురుగు తల బయటపెట్టి
సాసరంతా తడుముకుంటూ నడిచింది,
ఇల్లు ఈడ్చుకుంటూ.

ప్రజాతి దాకా వచ్చి ఆగిపోయాను.
రెక్కలొచ్చేదాకా దీని పేరు తేల్చలేం.
ఫారంలో "గూడు: పదార్థం" అని ఒక గడి.
ఇసుక అని రాశాను. పెంకు అని రాశాను.
కాసేపు పెన్ను మూతపెట్టి
మళ్ళీ తీసి
పళ్ళెం అని రాశాను.
ప్రొఫెసర్ ఎర్రసిరాతో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ రాత్రి జుమ్రా కొత్తరకం కట్టింది.
గాలానికి సీసపు తీగ, జిగురు, ఏటి ఇసుక,
తల దగ్గర నీలం పట్టుదారం
ఒక చుట్టు. రెండో చుట్టు వేయబోయి విప్పేసింది.

ఆస్ట్రియా నుంచొచ్చిన వేటగాళ్ళు
మొదటి రోజే తొమ్మిది గ్రేలింగులు పట్టి వదిలారట.
ఇంకో డజను కావాలని తలుపు తట్టారు.
ఒక్కోదానికి మార్కు పెంచింది.
ఆ నీలం ఎందుకని అడిగితే
చిల్లర లెక్కపెడుతూ
"మా ఏట్లో పురుగు అలాగే ఉంటుంది," అంది.

అబద్ధం కాదు.
నా దగ్గర నమూనా ఉంది.